సమీకరణం చెప్పని వేగం: రసాయన గతికశాస్త్రం బోధనపై ఒక పరిశీలన

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం రసాయనశాస్త్రంలో, చర్యలు ఎంత వేగంగా జరుగుతాయో చెప్పే గతికశాస్త్రం మార్కులు సులువుగా తెచ్చిపెట్టే పాఠమని పేరుపడింది. ప్రథమ క్రమాంక చర్య సూత్రం, అర్ధాయువుకు 0.693 అనే అంకె, రేటును ఉష్ణోగ్రతతో ముడిపెట్టే అరీనియస్ సమీకరణం, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రేటు రెట్టింపవుతుందన్న వాక్యం చేతిలో ఉంటే ప్రవేశ పరీక్షలో వచ్చే బిట్లలో చాలావాటికి జవాబు పెట్టవచ్చు. అదే విద్యార్థిని, తుల్యం చేసిన సమీకరణంలో స్పష్టంగా కనిపిస్తున్న ఒక క్రియాజనకం గాఢతను రెట్టింపు చేసినా చర్యారేటు ఎందుకు మారలేదని అడిగితే మాత్రం సమాధానం సాధారణంగా రాదు. సూత్రంలో విలువలు ప్రతిక్షేపించడం వచ్చి, ఆ సూత్రం దేని గురించి మాట్లాడుతోందో తెలియకపోవడం ఈ పాఠంలో మరీ ఎక్కువ.

ఈ లోపం విద్యార్థుల సామర్థ్యంలో లేదు, పాఠం నడిచే వరుసలో ఉంది. నిర్వచనాలు ముందు, సూత్రాలు తర్వాత, లెక్కలు ఆపైన. ప్రయోగం ఎప్పుడో ప్రాక్టికల్స్ సమయంలో, అదీ రికార్డు నింపడం కోసం. గతికశాస్త్రం స్వభావం దీనికి సరిగ్గా వ్యతిరేకం. చర్య ఎంత వేగంగా జరుగుతుందో, ఆ వేగం ఏ పదార్థం గాఢత మీద ఎంతగా ఆధారపడుతుందో కొలిచి తెలుసుకోవలసిందే తప్ప, తుల్యం చేసిన సమీకరణాన్ని ఎంతసేపు చూసినా తెలియదు. ఈ ఒక్క విషయం విద్యార్థి మనసులో నాటుకుంటే క్రమాంకం (గాఢత మీద రేటు ఎంతగా ఆధారపడుతుందో చెప్పే ఘాతం), అణుత (ఒక్క దశలో పాల్గొనే అణువుల సంఖ్య), చర్యా విధానం (చర్య నడిచే దశల వరుస) అనే మూడు భావనలూ వాటంతట అవే విడివిడిగా నిలబడతాయి. నాటుకోకపోతే ఎన్ని లెక్కలు చేయించినా ఆ మూడూ కలగాపులగంగానే ఉండిపోతాయి.

ఈ శాస్త్రం పుట్టినదే కొలతలోంచి. 1850లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ విల్‌హెల్మీ, ఆమ్లం సమక్షంలో చెరకు చక్కెర గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడిపోయే చర్యను తీసుకుని, ఆ ద్రావణం ధ్రువణ కాంతి తలాన్ని ఎంత కోణంతో తిప్పుతోందో కాలం గడిచేకొద్దీ కొలుస్తూ పోయాడు. చక్కెర ద్రావణం ఆ తలాన్ని కుడివైపు తిప్పుతుంది, విడిపోగా వచ్చిన మిశ్రమం ఎడమవైపు తిప్పుతుంది. అందువల్ల చర్యను ఆపకుండా, నమూనాలు బయటికి తీయకుండా, చక్కెర ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలుసుకునే వీలు కలిగింది. ఏ క్షణాన చక్కెర తరిగే వేగమైనా ఆ క్షణాన మిగిలి ఉన్న చక్కెరకు అనులోమానుపాతంలో ఉందని ఆ కొలతలు తేల్చాయి. ఈ చర్యలో నీరు కూడా క్రియాజనకమే, కానీ అది ద్రావణిగా అపారంగా ఉండటంవల్ల దాని గాఢత మారినట్టే కనిపించదు. ఇప్పుడు మిథ్యా ప్రథమ క్రమాంక చర్య అని చెప్పుకొంటున్నదానికి ఇదే తొలి ఉదాహరణ. అణువుల తాకిడులతో రేటును వివరించే అభిఘాత సిద్ధాంతాన్ని మాక్స్ ట్రాట్జ్ 1916లో, విలియం లూయిస్ 1918లో ప్రతిపాదించే నాటికి విల్‌హెల్మీ కొలతలకు అరవై ఏళ్లు దాటాయి. అంకెలు ముందు వచ్చాయి, వాటికి వివరణ చాలాకాలానికి వచ్చింది. అయినా చాలా తరగతుల్లో పాఠం అణువులు ఢీకొనడంతోనే మొదలవుతుంది. గాఢత పెరిగితే తాకిడులు పెరుగుతాయి, కాబట్టి రేటు పెరుగుతుంది అని మొదటిరోజే చెప్పేస్తే, గాఢత మారినా రేటు మారని శూన్య క్రమాంక చర్య ఎదురైన రోజున విద్యార్థి చేతిలో ఉన్న ఒక్క వివరణా చెల్లకుండా పోతుంది.

కొలతతో మొదలుపెట్టడానికి ప్రయోగశాల కూడా తప్పనిసరి కాదు, బోర్డు మీద మూడు వరుసల అంకెలు చాలు. ఒక చర్యలో క్రియాజనకం గాఢత పది నిమిషాలకోసారి చూస్తే లీటరుకు 0.80, 0.60, 0.40, 0.20 మోల్‌లుగా ఉందనుకుందాం. రెండో చర్యలో అవే వ్యవధుల్లో 0.80, 0.40, 0.20, 0.10గా ఉంది. మూడో చర్యలో 0.80 నుంచి 0.40కి దిగడానికి పది నిమిషాలు, అక్కడి నుంచి 0.20కి ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి 0.10కి నలభై నిమిషాలు పట్టింది. ఏ సూత్రమూ చెప్పకుండా, ఒక్కో వరుసలో మారకుండా ఉన్నదేమిటో వెతకమంటే, మొదటి వరుసలో భేదం మారడం లేదని, రెండో వరుసలో నిష్పత్తి మారడం లేదని తరగతి త్వరలోనే పట్టుకుంటుంది. మూడో వరుస కొంత కష్టం. గాఢతల వ్యుత్క్రమాలు 1.25, 2.5, 5, 10 అని రాయించి కాలంతో పోల్చమంటే అక్కడా సరళరేఖ కనిపిస్తుంది. సగానికి తగ్గే కాలం రెండో చర్యలో ఎప్పుడూ పది నిమిషాలే. మొదటి చర్యలో 0.80 సగానికి రావడానికి ఇరవై నిమిషాలు పడితే 0.40 సగానికి రావడానికి పది నిమిషాలే. మూడో దానిలో ప్రతిసారీ రెట్టింపు. శూన్య, ప్రథమ, ద్వితీయ క్రమాంకాలనే పేర్లు ఇదంతా అయ్యాక చెబితే, అవి బట్టీపట్టవలసిన నిర్వచనాలుగా కాక అప్పటికే చూసిన తేడాలకు పేర్లుగా అందుతాయి.

ఇదే అంకెలతో సగటు రేటుకూ తత్క్షణ రేటుకూ తేడా కూడా చూపించవచ్చు. రెండో చర్యలో తొలి పది నిమిషాల సగటు రేటు నిమిషానికి లీటరుకు 0.04 మోల్. గ్రాఫ్ కాగితం మీద వక్రం గీసి, ఆరంభ బిందువు దగ్గర స్పర్శరేఖ వేసి వాలు కొలిస్తే సుమారు 0.055 వస్తుంది, పదో నిమిషం దగ్గర అది 0.028కి పడిపోతుంది. స్పర్శరేఖను చేత్తో గీయించడం కాలయాపనగా తోచవచ్చు గాని, రేటు అనేది చర్యకు అతికించిన ఒక స్థిరమైన అంకె కాదనీ, చర్య నడుస్తున్నంతసేపూ మారుతూనే ఉంటుందనీ విద్యార్థికి అర్థమయ్యేది ఆ పదిహేను నిమిషాల పనిలోనే. స్థిరంగా ఉండేది రేటును గాఢతతో కలిపే గుణకం, అంటే రేటు స్థిరాంకం. ఈ రెండింటినీ ఒకటిగా భావించే పొరపాటు డిగ్రీ దాకా వెంటాడుతుంది.

ప్రయోగశాలలో ఈ పాఠానికి ఉన్న అసలైన ఆస్తి సోడియం థయోసల్ఫేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మధ్య చర్య. దీనికి కావలసినవి నాలుగైదు శంఖు కుప్పెలు, బ్యూరెట్, స్టాప్‌వాచ్, తెల్లకాగితం మీద పెన్నుతో వేసిన ఒక ఇంటూ గుర్తు మాత్రమే. కుప్పెల్లో 50, 40, 30, 20, 10 మిల్లీలీటర్ల థయోసల్ఫేట్ ద్రావణం తీసుకుని, తక్కువైన చోట నీటితో 50 మిల్లీలీటర్లకు నింపి, ఒక్కోదానికీ ఒకే పరిమాణంలో ఆమ్లం కలిపితే సన్నని గంధకం కణాలు ఏర్పడి ద్రావణం మసకబారుతుంది. అడుగున ఉన్న గుర్తు పైనుంచి చూసినప్పుడు కనిపించకుండా పోవడానికి పట్టిన కాలమే కొలత.

ఇందులో ప్రతి చిన్న ఏర్పాటు వెనుక ఒక కారణం ఉంది, ఆ కారణాలను అడగకుండా ప్రయోగం చేయించడం వృథా. నీటితో నింపి మొత్తం పరిమాణాన్ని సమం చేయడం ఎందుకు? చేయకపోతే ఆమ్లం గాఢత కుప్పెకూ కుప్పెకూ మారిపోతుంది. అంతే కాక ద్రావణం లోతు మారితే, అంతే చిక్కటి మసకలోంచి చూసినా గుర్తు మరుగయ్యే క్షణం మారుతుంది. ఒకే కొలత కుప్పెలు వాడాలనడానికీ, అన్నింటినీ ఒకే విద్యార్థి చూడాలనడానికీ ఇదే కారణం. కాలం కాకుండా కాలానికి వ్యుత్క్రమాన్ని రేటుగా తీసుకోవడం ఎందుకు? గుర్తు మరుగయ్యేది ప్రతిసారీ దాదాపు ఒకే మొత్తం గంధకం ఏర్పడినప్పుడు. ఒకే మొత్తాన్ని ఏర్పరచడానికి పట్టిన కాలం సగమైతే రేటు రెట్టింపు అన్నమాట. కాలాలు వరుసగా 40, 50, 67, 100, 200 సెకన్లుగా వచ్చాయనుకుంటే వాటి వ్యుత్క్రమాలు 0.025, 0.020, 0.015, 0.010, 0.005, గాఢతతో కలిపి గీస్తే సరళరేఖ వస్తుంది, కాబట్టి థయోసల్ఫేట్ దృష్ట్యా క్రమాంకం ఒకటి.

నిజమైన తరగతిలో అంకెలు ఇంత శుభ్రంగా రావు, బోధనకు అత్యంత విలువైన ఘట్టం కూడా అదే. అన్నింటికంటే పలచనైన కుప్పెలోని బిందువు రేఖకు కొంచెం కిందికి జారే అవకాశం ఉంది. గంధకం మొత్తం సమానమే అయినా, 50 మిల్లీలీటర్ల కుప్పెలో అది మొత్తం థయోసల్ఫేట్‌లో చిన్న భాగాన్ని వాడుకుంటే, 10 మిల్లీలీటర్ల కుప్పెలో దానికి అయిదు రెట్ల భాగాన్ని వాడుకుంటుంది. అంటే అక్కడ కొలుస్తున్నది ఆరంభ రేటు కాదు, గాఢత గణనీయంగా తగ్గిపోయిన తర్వాతి కాలాన్ని కూడా కలుపుకొన్న సగటు. ఇది వివరించగలిగిన విద్యార్థికి ఆరంభ రేట్ల పద్ధతి అర్థమైనట్టే. రికార్డులో బిందువులన్నీ రేఖ మీద పడేలా అంకెలు దిద్దుకుని వచ్చిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయడం ఆ అవకాశాన్ని మూసివేయడమే. మరొక ప్రశ్న తప్పక అడగాలి: ఈ ప్రయోగం ఆమ్లం గురించి ఏం చెప్పింది? ఏమీ చెప్పలేదు. ఆమ్లం గాఢతను మార్చలేదు కనుక దాని క్రమాంకం తెలియాలంటే థయోసల్ఫేట్‌ను మార్చకుండా మరో వరుస కుప్పెలు పెట్టాలి. ఇక జాగ్రత్త విషయానికొస్తే, ఈ చర్యలో సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి, ఆస్తమా ఉన్నవారిని దూరంగా కూర్చోబెట్టాలి, కొలత పూర్తయిన కుప్పెను వెంటనే సోడియం కార్బొనేట్ ద్రావణంలోకి వంపేయాలి. ఉష్ణోగ్రత ప్రభావం చూపేటప్పుడు ద్రావణాన్ని మరీ వేడి చేయనవసరం లేదు.

క్రమాంకాన్ని సమీకరణంలోని గుణకాలతో ముడిపెట్టే అలవాటును విడిపించడానికి హైడ్రోజన్‌తో అయోడిన్, హైడ్రోజన్‌తో బ్రోమిన్ చర్యలను పక్కపక్కన పెట్టడం కంటే మెరుగైన మార్గం లేదు. రెండు సమీకరణాలూ చూడటానికి అచ్చం ఒకటే: ఒక్కో అణువు చొప్పున కలిసి రెండు హైడ్రోజన్ హాలైడ్ అణువులు ఏర్పడతాయి. అయోడిన్ విషయంలో మాక్స్ బోడెన్‌స్టైన్ కొలతలు రేటు రెండు గాఢతల లబ్ధానికి అనుపాతంలో ఉందని చూపించాయి, క్రమాంకం రెండు. బ్రోమిన్ విషయంలో అదే బోడెన్‌స్టైన్, శామ్యూల్ లిండ్‌తో కలిసి కొలిచినప్పుడు ఆరంభంలో బ్రోమిన్ గాఢత వర్గమూలానికి అనుపాతంలో రేటు ఉందని, ఏర్పడిన హైడ్రోజన్ బ్రోమైడ్ పేరుకునేకొద్దీ చర్యను అదే మందగింపజేస్తోందని తేలింది. మొత్తం క్రమాంకం ఒకటిన్నర. చర్య ముదిరాక క్రమాంకం అన్న మాటే వర్తించదు. ఇది గొలుసు చర్య అని, బ్రోమిన్ పరమాణువులు దాన్ని నడిపిస్తున్నాయని ఆ తర్వాతే వివరించారు.

అయోడిన్ కథకు ఇంకో మలుపు ఉంది. గుణకాలకూ క్రమాంకానికీ పొంతన కుదిరింది కనుక, రెండు అణువులు నేరుగా ఢీకొని ఒకే దశలో చర్య ముగుస్తుందని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 1967లో జాన్ సల్లివన్ కాంతితో అయోడిన్ పరమాణువులను పుట్టించి, అవే హైడ్రోజన్‌తో కలుస్తున్నాయని సూచించే ఫలితాలు ప్రకటించాడు. రేటు నియమం, అంటే రేటుకూ గాఢతలకూ ఉన్న సంబంధం, రెండు విధానాలకూ ఒకేలా వస్తుంది. అంటే రేటు నియమం ఒక చర్యా విధానాన్ని తోసిపుచ్చగలదు గాని, దాన్ని నిజమని తేల్చలేదు. ఇంటర్ స్థాయికి ఇది బరువైన మాట కాదు. నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ చర్యలో తక్కువ ఉష్ణోగ్రతల వద్ద రేటు నైట్రోజన్ డయాక్సైడ్ గాఢత వర్గం మీదే ఆధారపడుతుంది. నెమ్మదైన మొదటి దశలో రెండు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులే పాల్గొంటాయని, కార్బన్ మోనాక్సైడ్ పాత్ర వేగంగా ముగిసే తర్వాతి దశలోనని చెబితే, దాని గాఢత రేటును ఎందుకు మార్చలేదన్న ప్రశ్న అక్కడ తీరిపోతుంది. అణుత అనే మాట ఒక్క ప్రాథమిక దశకే చెందుతుందని, క్రమాంకం మొత్తం చర్యకు కొలిచి పొందేదని అప్పుడు చెబితే అది గాలిలో వేలాడే తేడాగా ఉండదు.

ఉష్ణోగ్రత భాగంలో తరచూ వినిపించే వివరణ, వేడి చేస్తే అణువులు వేగంగా కదిలి ఎక్కువసార్లు ఢీకొంటాయని. ఇది అబద్ధం కాదు, కానీ అసలు కారణం ఇది కాదు. 298 నుంచి 308 కెల్విన్‌కు వెళ్తే వాయు అణువుల సగటు వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది కనుక, తాకిడుల సంఖ్యలో పెరుగుదల రెండు శాతం కూడా ఉండదు. రేటు మాత్రం రెట్టింపవుతుంది. మిగతాదంతా ఎక్కడి నుంచి వచ్చింది? చర్య జరగడానికి అణువులు దాటవలసిన శక్తి అవరోధం, అంటే ఉత్తేజన శక్తి, మోల్‌కు 53 కిలోజౌళ్లు అనుకుంటే, 298 కెల్విన్ వద్ద ఆ అవరోధాన్ని దాటగల శక్తి ఉన్న తాకిడులు సుమారు 200 కోట్లలో ఒకటి. 308 వద్ద సుమారు 100 కోట్లలో ఒకటి. అరీనియస్ 1889లో ప్రతిపాదించిన సమీకరణంలోని ఘాతాంక పదానికి అర్థం ఇదే. ఈ రెండు అంకెలను విద్యార్థుల చేతే లెక్కగట్టిస్తే ఆ సమీకరణం ప్రతిక్షేపణకు పనికొచ్చే సూత్రం స్థాయి దాటి ఒక వివరణ అవుతుంది.

పది డిగ్రీలకు రెట్టింపు అన్న సూత్రాన్ని కూడా ఇక్కడే సరిదిద్దవచ్చు. అది గది ఉష్ణోగ్రత దగ్గర, ఉత్తేజన శక్తి 53 కిలోజౌళ్ల దరిదాపుల్లో ఉన్న చర్యలకు చెందిన మాట. ఉత్తేజన శక్తి 20 కిలోజౌళ్లయితే పెరుగుదల 1.3 రెట్లే; 100 కిలోజౌళ్లయితే 3.7 రెట్లు. నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసే చర్యలోనైతే ఉష్ణోగ్రత పెరిగితే రేటు తగ్గుతుంది కూడా. ఎండాకాలంలో ఇడ్లీపిండి త్వరగా పులియడాన్ని అరీనియస్ సమీకరణానికి ఉదాహరణగా చెప్పడం మన తరగతుల్లో మామూలే. ఆసక్తి రేకెత్తించడానికి అది మంచిదే గాని, అక్కడ జరుగుతున్నది సూక్ష్మజీవులు పెరగడం, ఎంజైములు పనిచేయడం. ఒక హద్దు దాటి వేడి చేస్తే పులియడం ఆగిపోతుంది. ఆ ఉదాహరణ ఇచ్చినప్పుడు ఆ హద్దును కూడా చెప్పకపోతే రేఖ ఎప్పటికీ పైకే పోతుందన్న భ్రమ మిగులుతుంది.

మొదటి సంవత్సరంలో నేర్చిన సమతాస్థితి పాఠం ఇక్కడ అడ్డుపడుతుంది. ఉష్ణమోచక చర్యను వేడి చేస్తే నెమ్మదిస్తుందని చాలామంది రాస్తారు, ఎందుకంటే లీ షాట్లియర్ నియమం ప్రకారం సమతాస్థితి వెనక్కి జరుగుతుందని గుర్తు. రేటు వేరు, ఎంతవరకు జరుగుతుందన్నది వేరు. అమ్మోనియా తయారీ ఈ రెండింటి మధ్య బేరం: తక్కువ ఉష్ణోగ్రతలో దిగుబడి ఎక్కువ, కానీ చర్య కదలదు, అందుకే ఇనుము ఉత్ప్రేరకంతో 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ మధ్య నడుపుతారు. ఉత్ప్రేరకం దిగుబడిని పెంచదు, పురోగామి, తిరోగామి చర్యలు రెండింటినీ సమానంగా వేగవంతం చేస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఉత్తేజన శక్తిని పది కిలోజౌళ్లు తగ్గించే మార్గం దొరికితే, మిగతావన్నీ మారకుండా ఉంటే, రేటు సుమారు 57 రెట్లవుతుంది. ఈ ఒక్క లెక్క ఉత్ప్రేరకం గురించిన నాలుగు పేజీల వివరణ కంటే బలంగా పనిచేస్తుంది.

మూల్యాంకనం మారకుండా ఇదంతా తరగతిలో నిలవదన్న వాదనలో నిజం ఉంది. అయితే పెద్ద పరీక్ష మారేదాకా ఆగనవసరం లేదు. యూనిట్ టెస్టులో ఒక ప్రశ్నలో రేటు స్థిరాంకం కనుక్కోమనే బదులు, గాఢత, కాలం పట్టిక ఇచ్చి క్రమాంకం తేల్చి కారణం రాయమనవచ్చు. మూడు క్రియాజనకాల ఆరంభ రేట్ల పట్టిక ఇచ్చి, అందులో ఒకదాని గాఢతను ఎక్కడా మార్చకుండా వదిలి, దాని క్రమాంకం ఎంత అని అడగవచ్చు. ఈ పట్టికతో చెప్పలేమన్నదే సరైన జవాబు. చెప్పలేమని ధైర్యంగా రాయగలగడం కూడా ఈ పాఠం నేర్పవలసిన నైపుణ్యమే.

తెలుగు నేల మీద ఈ పాఠానికి ప్రాణాలతో ముడిపడిన సందర్భం ఒకటి ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నిల్వ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరి చుట్టుపక్కల ఇళ్లను కమ్మేసింది. పన్నెండు మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల నిలిచి ఉన్న ద్రవం ట్యాంకులోనే పాలిమరీకరణం చెందడం, అంటే దాని అణువులు పొడవైన గొలుసులుగా కలిసిపోవడం, మొదలైంది. ఆ చర్య ఉష్ణమోచకం. వెలువడిన వేడి ఉష్ణోగ్రతను పెంచుతుంది, పెరిగిన ఉష్ణోగ్రత రేటును పెంచుతుంది, పెరిగిన రేటు ఇంకా వేడిని పుట్టిస్తుంది. వేడి పుట్టే వేగం అరీనియస్ పద్ధతిలో ఘాతాంకంగా పెరుగుతుంటే, ట్యాంకు గోడల ద్వారా వేడి బయటికి పోయే వేగం ఉష్ణోగ్రతా భేదానికి అనుపాతంలో మాత్రమే పెరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే గ్రాఫ్ మీద గీయించవచ్చు: ఒకటి వక్రం, ఒకటి సరళరేఖ. రేఖ పైన ఉన్నంతవరకు ట్యాంకు తనంతట తాను చల్లబడుతుంది. వక్రం దాన్ని దాటి పైకి పోయే ఉష్ణోగ్రతను మించితే శీతలీకరణ ఇక ఎప్పటికీ అందుకోలేదు. స్టైరీన్‌ను చల్లగా ఉంచడం, పాలిమరీకరణాన్ని అణచిపెట్టే నిరోధకాన్ని కలిపి దాని మోతాదు తరిగిపోకుండా పరీక్షిస్తూ ఉండటం ఇందుకే; ఆ రెండూ సరిగా లేకపోవడాన్నే విచారణ ప్రధానంగా ఎత్తిచూపింది. నిరోధకం కూడా కాలంతో పాటు ఖర్చయ్యే పదార్థమే, వేడి పెరిగితే మరింత త్వరగా ఖర్చవుతుంది. ఒక ట్యాంకును ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని రోజులు నిల్వ ఉంచవచ్చో లెక్కగట్టడానికి కావలసిన మూల సూత్రాలన్నీ ఇంటర్ రెండో సంవత్సరం పాఠంలోనే ఉన్నాయి.